ఒక్కటి మాత్రమే టిక్కు పెట్టండి

డిపో క్వార్టర్లు, రెండో అంతస్తు
సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా అరుపులే కాబట్టి, మనిద్దరి కొట్లాటలూ కాగితం మీదే పెట్టుకోమని అమ్మ తీర్పు చెప్పి ఆరేళ్ళయింది. ఆ తీర్పు ప్రకారమే ఇదీ రాస్తున్నాను. మీ ఆసుపత్రి గేటు ముందు ఆగే బస్సులోనే వస్తుంది. తెచ్చే డ్రైవరు మాత్రం కొత్తవాడు. ఈలాయన పోయాడు.

ఆరేళ్ళు మన ఉత్తరాలు చొక్కా జేబులో పెట్టుకుని మోసిన మనిషి. మలుపు దగ్గర హారన్ కంటే ముందు ఈల వేసేవాడు. పోయిన గురువారం తన ప్రాణం తనే తీసుకున్నాడు.

నా ఏడుపు నేను ఏడ్చాను, దాని గురించి రాయను. నా ఒళ్ళు మండుతున్నది వేరే విషయానికి. మనిషి ఇంటికి చేరకముందే మా క్యాంటీన్‌కి కారణం చేరిపోయింది! టైర్ల సెక్షన్ పెద్దమనిషి “పెళ్ళాంతో పడేది కాదట” అన్నాడు. క్యాషియరు “పిరికివాళ్ళు చేసే పని” అని చెయ్యి కడుక్కున్నాడు. ఇంకొకడు, “బుధవారం కూడా నవ్వుతూనే కనిపించాడండీ, అలాంటోళ్ళు చేసుకోరే” అని, పోయినాయనే ఏదో రూలు తప్పినట్టు మాట్లాడాడు. మేనేజర్ గారు పైవాళ్ళకి పంపే కాగితం మీద రెండే ముక్కలు రాశారు: ‘మానసిక దౌర్బల్యం’. నాలుగున్నర లక్షల కిలోమీటర్లు బస్సు నడిపినవాడికి దౌర్బల్యం!

కారణం నాకు తెలుసు. తొమ్మిది నెలలుగా ఆయనకి పడింది ముక్కల డ్యూటీ. పొద్దున నాలుగింటి నుంచి తొమ్మిది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా. మధ్యలో నిద్రపోవాలట. ఎవడికి పడుతుందిరా నిద్ర? ఇంకోటి విను. మా డ్యూటీ చార్టు రాసే గుమాస్తా ఉన్నాడు కదా, ముప్ఫయ్యేళ్ళుగా పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్ళీ రాసే మనిషి. ‘రబ్బరు’ అంటే డిపోలో ఎవరికైనా తెలుస్తుంది. ఆయన చార్టు నేను వెలుతురుకి పెట్టి చూశాను. మంగళవారం గడిలో ఈలాయనకి సెలవు రాసి ఉంది. దాన్ని చెరిపేసి డ్యూటీ వేశారు. రెండు రోజుల తర్వాత మనిషి లేడు.

ఈ వారం యూనియన్ గోడపత్రిక అదే. రాసేశాను కూడా. నువ్వు మానసిక వార్డులో నర్సువి కదా, నాకొక పేరా కావాలి: మీ ఆసుపత్రులు దీన్ని ఎలా చూస్తాయి? మెదడులో ఏదో రసం తక్కువైంది అని మాత్రం రాయకు. ఆ రసం పొద్దున నాలుగింటికి డ్యూటీ వెయ్యదు.

— అక్క

*

మానసిక వార్డు, నర్సుల గది
మంగళవారం

అక్కా,

ఉత్తరం అందింది. గేటు దగ్గర కొత్త డ్రైవరు చేతిలో కవరు చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది. ఈలాయన అయితే కవరు ఇచ్చే ముందు “మీ అక్కగారు ఈసారి కవరు గట్టిగా అంటించారు బ్రదర్, లోపల ఘాటుగా ఉన్నట్టుంది” అనేవాడు.

నువ్వడిగిన పేరా రాయలేను. రాసినా గోడ మీద పట్టదు.

మా దగ్గర ఒక ఫారం ఉంది. చావబోయి బతికినవాళ్ళు, చావాలనిపిస్తోందని వచ్చినవాళ్ళు, అసలు నిద్ర లేదని వచ్చినవాళ్ళు, అందరికీ అదే ఫారం. అందులో ‘కారణం’ అనే గడి కింద తొమ్మిది పేర్లు ఉంటాయి. కుటుంబ కలహాలు, ప్రేమ వ్యవహారం, పరీక్ష తప్పడం, దీర్ఘవ్యాధి, ఇలా. పక్కన బ్రాకెట్లో ‘ఒక్కటి మాత్రమే టిక్కు పెట్టండి’ అని ఉంటుంది. పదహారేళ్ళుగా నేను పెడుతున్నాను. కాబట్టి మీ క్యాంటీన్‌ని తిట్టే హక్కు నాకు లేదు. మాదీ క్యాంటీనే, కాకపోతే గోడలకి తెల్ల సున్నం.

జబ్బు లేదని మాత్రం అనకు. ఉంటుంది. చాలామందికి ఉంటుంది, మందుకి తగ్గుతుంది, నేను కళ్ళారా చూశాను. డ్యూటీ ఒక్కటే కారణమైతే మీ డిపోలో ముక్కల డ్యూటీ చేసే ఇరవైమందీ ఏమైనట్టు?

మూడు మాటలు విను. ఆయన ఎలా పోయాడో గోడ మీద రాయొద్దు. అదే బాధలో ఉన్నవాడు దాన్ని చదివి దారి నేర్చుకుంటాడు. ఒక్క కారణం రాయొద్దు. ఎవరి పేరూ పెట్టొద్దు. ముఖ్యంగా ఆ గుమాస్తాది.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. ఇప్పుడు కాదు.

— తమ్ముడు

*

డిపో క్వార్టర్లు
శనివారం

ఒరేయ్ బ్రదరూ, (ఊరందరికీ బ్రదర్‌వి, నాకొక్కదానికే డాక్టరువి!)

నీ హితబోధ అందేసరికి పత్రిక గోడెక్కేసింది. ఎలా పోయాడో రాయలేదులే, ఆ మాత్రం ఇంగితం నాకూ ఉంది. మిగతాది మాత్రం రాశాను. ఆఖరి వాక్యం చెబుతాను, అసూయపడు: ‘మంగళవారం గడిలో రబ్బరు చెరిపింది ఒక సెలవుని కాదు, ఒక మనిషిని.’

జనం కాపీ రాసుకుంటున్నారు. డ్రైవర్లు దాని ముందు నిలబడి గట్టిగా చదువుతున్నారు. మేనేజర్ ఆ గోడ వైపు రాకుండా వర్క్‌షాపు చుట్టూ తిరిగి వెళ్తున్నాడు.

‘ఇరవైమందీ ఏమైనట్టు’ అన్నావు. అదేం వాదన రా? ఒక్క గోడ కూలితే, మిగతా గోడలు నిలబడ్డాయి కాబట్టి వాన తప్పు లేదంటావా? మీ వైద్యుల తంతే ఇది. వెయ్యిమందిని చితకగొట్టే ఏర్పాటుని వదిలేసి, చితికినవాడి పుర్రెలో వెతుకుతారు. బాధని అతని ఒంట్లో పెట్టేస్తే బయటివాళ్ళందరం శుభ్రంగా ఇంటికి పోవచ్చు. నేను పోనివ్వను.

పైగా నా వాక్యం పనిచేసింది. రబ్బరుకి సిగ్గొచ్చింది. నిన్న మధ్యాహ్నం నా టిక్కెట్ల లెక్క అప్పజెప్పేచోటికే వచ్చాడు. గొడవకి వచ్చాడేమోనని నేను చీర కొంగు దోపుకుని రెడీ అయ్యాను. ఆయన మాత్రం మెల్లగా, “మీరు రాసింది నిజమేనమ్మా. నేనే చెరిపాను” అన్నాడు. తర్వాత తన పెన్సిళ్ళ డబ్బా, అదే ఆ రేకు డబ్బా, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదే, అది నా చేతిలో పెట్టాడు. “మీ రాత బాగుంటుంది. ఇది మీ దగ్గరుంటే బాగుంటుంది” అన్నాడు. చార్టు రాయడం పక్క సీటు అమ్మాయికి మొత్తం నేర్పేశాడట. ముప్ఫయ్యేళ్ళుగా అతుక్కుపోయిన కుర్చీ ఒక్క వాక్యంతో వదిలాడు చూడు! సైకిలు కూడా వాచ్‌మన్‌కి ఇచ్చేశాడట. నిన్న మొహం తేలిగ్గా ఉంది. తప్పు ఒప్పుకుంటే మనిషికి అంత హాయి.

నీ పేరా ఇంకా బాకీ.

— అక్క

*

ఆసుపత్రి గేటు, బస్సు పక్కన నిలబడి
శనివారం, ఒంటిగంట

అక్కా,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. నువ్వు డ్యూటీలో ఉన్నావు, ఫోన్ లాకర్లో ఉంటుంది. డిపో నంబరు ఎవరూ ఎత్తడం లేదు. ఇది డ్రైవరు నేరుగా నీ చేతికే ఇస్తానన్నాడు.

ఆయన తప్పు ఒప్పుకోవడం కాదది. డబ్బా ఇచ్చాడు, సైకిలు ఇచ్చాడు, పని అప్పజెప్పాడు, మొహం తేలికైంది. మా వార్డులో ఇలాంటివి వింటే మేము కుర్చీలోంచి లేస్తాం.

ఇప్పుడే వెళ్ళు. ఒంటరిగా వదలకు. సూటిగా అడుగు: చచ్చిపోవాలని ఆలోచిస్తున్నారా అని. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమో అని అందరూ భయపడతారు. పుట్టదు. అడగకపోతేనే ఆయన దాంతో ఒంటరిగా ఉంటాడు. వాదించకు. నీకు అలవాటు, అందుకే మళ్ళీ చెబుతున్నా, వాదించకు. పిల్లలున్నారు కదా అనకు, పాపం అనకు. విను. ఇంట్లో ప్రమాదం అనిపించేవి ఎవరిచేతైనా తీయించు. రేపు నా దగ్గరికి తీసుకురా. రేపటి దాకా ఆగేలా లేదనిపిస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి వెంటనే.

బస్సు కదులుతోంది.

*

డిపో క్వార్టర్లు
ఆదివారం, తెల్లారాక

తమ్ముడూ,

ఉన్నాడు. ముందు అది చదువుకో. రాత్రే మా ఇంటికి తీసుకొచ్చాను, పక్క గదిలో అమ్మ ఆయనకి పేపరు చదివి వినిపిస్తోంది. పేపరు అంటే ఇష్టమో కాదో అడగలేదు, అమ్మ సంగతి తెలుసుగా.

నీ చీటీ మూడున్నరకి అందింది. ట్రిప్పు మధ్యలో బస్సు దిగిపోయాను. పద్దెనిమిదేళ్ళ కండక్టరు ఉద్యోగంలో మొదటిసారి. ఆయన క్వార్టరు నీళ్ళ ట్యాంకు వెనక. తలుపు కొడుతుంటే నా చేతిది కాదు ఆ చప్పుడు అనిపించింది. తీయడానికి ఎంతసేపో పట్టింది. అంతసేపూ నా ఆఖరి వాక్యం నా కళ్ళముందు, గోడ మీద ఉన్నదానికంటే పెద్ద అక్షరాల్లో. అసూయపడు అని రాశాను నీకు!

తలుపు తీశాడు. ఇల్లంతా ఊడ్చి, సర్ది, మంచం మీద దుప్పటి మడత కూడా తేడా లేకుండా ఉంది. భార్య కూతురి దగ్గరికి వెళ్ళిందట, తనే పంపించాడట. “ఏమ్మా, ట్రిప్పు లేదా?” అన్నాడు. వేదికలెక్కి రెండు గంటలు మాట్లాడేదాన్నిరా నేను. చివరికి నువ్వు రాసింది రాసినట్టే అప్పజెప్పాను. “చచ్చిపోవాలని ఆలోచిస్తున్నారా?”

ఆయన కుర్చీ లాగి నా వైపు జరిపాడు. తర్వాత, “కూర్చోండమ్మా” అన్నాడు. కూర్చున్నాను. “ఉందమ్మా. మూడు రోజుల్నించి గట్టిగా ఉంది. ఎవరైనా అడుగుతారేమో అని చూశాను. అడిగింది మీరే.”

అడిగింది నేనే. ఆ గోడ రాసిందీ నేనే.

క్షమించమందామని నోరు తెరిచాను. “మీరు రాసినందుకు కాదులెండి, అంత గొప్పేం కాదు మీ రాత” అని నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. రెండేళ్ళుగా కంట్లో పొర, చార్టు గడులు ఒకదానిలోకి ఒకటి జారుతున్నాయట, ఎవరికీ చెప్పలేదు. పెద్ద బావమరిది పోయాడు, ఆయన కూడా ఇలాగేనట. ఇంట్లో మాటలు తక్కువ. అప్పుడు ఈలాయన. పైన నా గోడ. నువ్వు రాశావుగా ఫారం సంగతి. ఇందులో దేనికి టిక్కు పెడతావు?

ఇక చెరిపిన సెలవు. విను, ఇది చదివి నన్ను తిట్టు, పడతాను. ఆ సెలవు చెరపమన్నది ఈలాయనే. మంగళవారం ఆయనకి ఎక్కడో ఆసుపత్రిలో చూపించుకోవాల్సి ఉందట. మా సెలవు కాగితంలో కూడా ఒక గడి ఉంది, ‘కారణం’ అని. ఒంట్లో బాగాలేదని రాస్తే మేనేజర్ ఏం జబ్బో చెప్పమన్నాడట. పోయినేడు ఒకాయన నిజం రాస్తే, తల బాగాలేనివాడికి స్టీరింగ్ ఇవ్వనని మూడు నెలలు గ్యారేజీలో బోల్టులు కడిగించిన సంగతి డిపో అంతా ఎరుగును. అందుకని ఈలాయన ఆ సోమవారం వచ్చి, “చెరిపెయ్యన్నా, వచ్చే వారం చూసుకుంటాలే” అన్నాడట. ఈయన చెరిపాడు. “నేను ఒక్క మాట అడిగుంటే బాగుండేదమ్మా, ఎందుకూ అని. చెరపమంటే చెరపడమే నా అలవాటు.”

ఆయన బావమరిది కొడుకుకి కబురు పెట్టాం, వచ్చి ఆ ఇల్లంతా చూశాడు, తీయాల్సినవి తీశాడు. భార్య దారిలో ఉంది. పదకొండు గంటల బస్సుకి ఆయనా, ఆవిడా, నేనూ ముగ్గురం వస్తున్నాం. గోడపత్రిక పొద్దున్నే చింపేశాను. జిగురు గట్టిగా పెట్టాను కదా, సగం ఇంకా అక్కడే ఉంది. గోళ్ళతో గీకాను.

నీకింకా చెప్పాల్సినవి ఉన్నాయన్నావు. ఆ ఆసుపత్రి ఎక్కడో నాకు అనుమానంగా ఉంది. చెప్పు.

— అక్క

*

నర్సుల గది
గురువారం

అక్కా,

ఆయన్ని చేర్చుకున్నాం. మీరు ముగ్గురూ మెట్లెక్కి వస్తుంటే చూశాను. నీ మొహం చూసి ముందు నిన్ను చేర్చుకోవాలేమో అనుకున్నాను. కళ్ళ డాక్టరు కూడా వచ్చి చూశాడు, పొర తీసేయొచ్చట. నిద్ర పడుతోంది. ఆలోచన పూర్తిగా పోలేదు, పోయిందని నేను చెప్పను. కానీ వచ్చినప్పుడల్లా నర్సుని పిలిచి చెబుతున్నారు.

ఇప్పుడు నాది. నిన్న ఈలాయన భార్య కాగితాల కోసం వచ్చింది. రోగి విషయం బయటికి చెప్పకూడదు కాబట్టే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను అని నీతో అందామనుకున్నాను. సగం నిజమే. మిగతా సగం భయం. ఆవిడే అంది, “మీ అక్కగారికి చెప్పండి బ్రదర్. ఆ గోడ మీద రాసినదాంట్లో మా ఆయన లేడు.”

ఆయన వచ్చింది నా దగ్గరికే. ఐదు వారాల క్రితం నీ ఉత్తరం ఇచ్చి, వెళ్ళకుండా నిలబడ్డాడు. “బ్రదర్, నిద్ర పట్టడానికి ఏమైనా ఉందా?” అన్నాడు. నవ్వుతూనే అడిగాడు. ఓపీ చీటీ రాయించాను, ఫారం నేనే నింపాను. ఇంట్లో ఎలా ఉంది అన్నాను. “మాటామాటా పెరుగుతోంది” అన్నాడు. అంతే, నా పెన్ను మొదటి గడి మీద పడింది. కుటుంబ కలహాలు. వెనక ఇంకా నలభైమంది ఉన్నారు. డాక్టరు ఆ టిక్కు చూశాడు. మనిషిని చూసింది తక్కువ. ఫలానా మంగళవారం భార్యతో కలిసి రమ్మన్నాడు. ఇంటికి పోయి ఆయన భార్యతో ఏమన్నాడో తెలుసా? “నీ వల్లే నాకు నిద్ర పట్టట్లేదని కాగితం మీద రాశారు.” ఆవిడ ఇప్పుడు ఆ మాటతో బతకాలి.

ఆవిడ ఇంకోటి చెప్పింది. ఫిబ్రవరిలో ఆయన బస్సుకి బ్రేకులు పడక, బడి గేటు ముందు రెండడుగుల్లో ఆగిందట. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. అప్పటినుంచీ కళ్ళు మూస్తే ఆ గేటే. ఈల ఎక్కువ చేసింది కూడా అప్పటినుంచేనట. మనమేమో హుషారు అనుకున్నాం. మలుపుకి ముందే జనం తప్పుకోవాలని వేసేవాడు అక్కా. నువ్వు రాసిన డ్యూటీ కూడా ఉంది ఇందులో, కచ్చితంగా ఉంది. నేను రాసిన జబ్బూ ఉంది. మీ మేనేజరూ ఉన్నాడు, నా పెన్నూ ఉంది. నేను ఇంకో ప్రశ్న అడిగుంటే ఏమయ్యేదో తెలియదు. తెలియకపోవడమే పట్టుకుని పీకుతోంది.

ఈ వారంలో రెండు రోజులు ఫారాలు నింపలేకపోయాను. పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆగిపోతోంది.

— తమ్ముడు

*

డిపో క్వార్టర్లు
శుక్రవారం

ఒరేయ్ చిన్నోడా,

ముందు నిన్ను అడగాల్సింది అడుగుతున్నాను. నీకూ ఆ ఆలోచన వస్తోందా? ఆయన్ని అడిగినట్టే అడుగుతున్నా, అలవాటైపోతోంది. ఉంటే ఇప్పుడే ఫోన్ చెయ్యి, అమ్మ తీర్పు నేను కొట్టేస్తున్నా. లేదంటే లేదని రాయి. మీ డాక్టరుతో కూడా మాట్లాడు. నర్సువి కదా అని నీకు మినహాయింపు లేదు.

నిన్ను తిట్టనులే. తిట్టడానికి నాకు మొహం ఎక్కడుంది? మనం ఇద్దరం ఒకటే పని చేశాం. నువ్వు ఇంట్లోవాళ్ళ మీద టిక్కు పెట్టావు, నేను గుమాస్తా మీద పెట్టాను. నాది పెద్ద అక్షరాల్లో.

కానీ నా కోపం చల్లారిందనుకోకు. ‘కారణాలు చాలా ఉంటాయండీ’ అంటూ మేనేజర్ చేతులు దులుపుకోవడానికి వస్తున్నాడు, ఆ ఆట సాగనివ్వను. చాలా ఉంటే చాలామందిమి పనిచెయ్యాలి, అంతే. సెలవు కాగితంలో ‘కారణం’ గడి తీసెయ్యాలని, బ్రేకు సంఘటన జరిగిన ప్రతి డ్రైవరుకీ పది రోజులు విశ్రాంతి, మాట్లాడే మనిషీ కావాలని, ముక్కల డ్యూటీ మూడు నెలలు దాటకూడదని డిమాండ్లు పెట్టాం. నూటపన్నెండు సంతకాలు. మొదటి సంతకం గుమాస్తా గారి పక్క సీటు అమ్మాయిది.

కొత్త గోడపత్రిక ఈలాయన భార్యకి ముందు చదివి వినిపించాను. రెండుచోట్ల కొట్టేయించింది. “ఇప్పుడు ఇందులో మా ఆయన ఉన్నాడు” అంది. ఆఖరున గొప్ప వాక్యమేమీ లేదు. మీ వార్డు ఫోన్ నంబరు ఉంది.

మంగళవారం మళ్ళీ వస్తాను, గుమాస్తా గారికి డబ్బా తిరిగి ఇవ్వాలి. ఆయన పక్కనే కూర్చుంటా. నీ ఫారం తీసుకురా, ఎక్కడ టిక్కు పెడతావో చూస్తాను.

— అక్క

*

నర్సుల గది
మరుసటి గురువారం

అక్కా,

లేదు. ఆ ఆలోచన లేదు. నిద్ర లేదు, దాని గురించి మా వార్డు డాక్టరమ్మతో సోమవారం మాట్లాడాను. ఆవిడ నా డ్యూటీ టైములు అడిగారు, అమ్మ గురించి అడిగారు, ఈల గురించి కూడా. ముప్పావు గంట. ఒక్క టిక్కూ పెట్టలేదు.

మంగళవారం నువ్వు చూస్తుండగా నేను గడి ఖాళీగా వదిలి, వెనక పేజీ తిప్పి, గుమాస్తా గారు చెప్పింది చెప్పినట్టు రాశాను కదా. నువ్వు వెళ్ళాక ఆయనే “ఆ బావమరిది సంగతి ఇంకో లైను ఉంది బ్రదర్, రాసుకోండి” అన్నారు. మార్జిన్లో తన పెన్సిలుతో తనే రాశారు. గుండ్రటి రాత. రబ్బరు అడగలేదు.

ఈరోజు రికార్డుల సెక్షన్ నుంచి ఆ ఫారం తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో ముద్ర: ‘అసంపూర్తి’.

ఆయనకి చూపించాను. కళ్ళ దగ్గరగా పెట్టుకుని చదివి, “కరెక్టే కదా” అన్నారు. సాయంత్రం డిశ్చార్జి. వచ్చే మంగళవారం మళ్ళీ చూపించుకోవడానికి పదకొండు గంటల బస్సుకి వస్తారట, ముందువైపు సీటు ఆపి ఉంచమన్నారు.

— తమ్ముడు